మరమ్మతుకు హద్దు కలదు: యురేనియము వాదములపై ఒక విమర్శ

నాగార్జునసాగరము అంచునుండి అమరాబాదు అడవులవరకు వ్యాపించిన మెట్టభూమి రాతినేల. అడుగున గ్రానైటు, దానిపై కొన్నిచోట్ల శ్రీశైల శ్రేణికి చెందిన రాతిపొరలు. ఈ రెండును కలియు సందులలో యురేనియము ఉన్నట్లు భూగర్భ పరిశోధనలలో తేలినది. నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములోని లంబాపూర్, పెద్దగట్టు గ్రామముల పేర్లు ఈ కారణమున దేశమంతటికి తెలిసినవి. అచ్చటి గనుల ప్రతిపాదనపై 2003లోను, ఖనిజమును శుద్ధిచేయు కర్మాగారముపై 2005లోను ప్రజాభిప్రాయ సేకరణలు జరిగినవి. పూర్వము మహబూబునగరు జిల్లాలోను, 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలోను ఉన్న అమరాబాదు పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా అంగీకరించినది. అదే సంవత్సరము సెప్టెంబరులో, నల్లమలలో యురేనియము త్రవ్వరాదని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవముగా తీర్మానించినది.

గనులు కావలెనా వద్దా అనునది ప్రజలు, ప్రభుత్వములు తేల్చుకొనవలసిన విషయము. కాని ఆ చర్చలలో జీవశాస్త్రము పేరు చెప్పి ప్రయోగింపబడు వాదములు రెండు కలవు. అవి సభలలో వినబడును, తరగతి గదులలోనికి కూడ వచ్చును. వాని నిజానిజములను పరీక్షించుట విజ్ఞానము బోధించువారి విధి.

రెండు వాదములు

మొదటి వాదము: “వికిరణము ప్రకృతిలో ఎల్లప్పుడును ఉన్నదే. జీవకణమునకు తన్ను తాను బాగుచేసికొను శక్తి కలదు. కావున కొద్దిపాటి వికిరణమువలన భయము లేదు.”

రెండవ వాదము: “డి.ఎన్.ఏ. ఒకసారి దెబ్బతిన్నచో ఇక బాగుపడదు. ఆ దెబ్బ బిడ్డలకు, వారి బిడ్డలకు తప్పక సంక్రమించును. గని వచ్చిన ఊరిలో తరతరములు వికలాంగులే పుట్టుదురు.”

ఒకటి ధైర్యము చెప్పును, మరియొకటి భయపెట్టును. రెండింటిలోను సత్యాంశము లేకపోలేదు. ఆ అంశమును సంపూర్ణ సత్యముగా చాటుటయే దోషము. ఈ దోషము తెలియవలెనన్నచో ముందుగా జీవకణములో మరమ్మతు ఎట్లు జరుగునో తెలిసికొనవలెను.

చెక్కుచెదరనిది కాదు

వంశపారంపర్య లక్షణములను మోయు డి.ఎన్.ఏ. రాతిపై చెక్కిన శాసనమువలె స్థిరమైనదని చాలకాలము భావింపబడినది. ఇది సరికాదు. స్వీడను దేశీయుడైన థామస్ లిండాల్ 1970 దశాబ్దములో లెక్కకట్టి చూపినదేమనగా, ఏ విషము, ఏ కిరణము తగులకున్నను, శరీరములోని వేడిమికి, నీటికి డి.ఎన్.ఏ. తనంతట తానే చెడుచుండును. ఒక్కొక్క మానవ జీవకణములో దినమునకు సుమారు 10,000 చోట్ల అక్షరములు రాలిపోవుచుండును. అయినను జీవము నిలిచియున్నదన్న, ఎడతెగని మరమ్మతే అందులకు కారణము. ఈ మరమ్మతు విధానములను వెల్లడించినందులకు లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంజార్ అనువారికి 2015లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమతి లభించినది.

కనుక రెండవ వాదములోని తొలి వాక్యమే తప్పు. డి.ఎన్.ఏ. దెబ్బతినును, బాగుపడును; ఇది క్షణక్షణము జరుగుచున్న పని. ఇంతటితో మొదటి వాదము గెలిచినట్లు తోచవచ్చును. గాని దెబ్బలన్నియు ఒకే జాతివి కావు, మరమ్మతులన్నియు ఒకే నాణ్యము గలవి కావు.

పహాణీ నకలు

డి.ఎన్.ఏ.లో రెండు పోగులుండును. ఒక పోగులోని అక్షరము తెలిసినచో రెండవదానిలో ఏముండవలెనో తెలియును. పూర్వము భూమి లెక్క ఒక కాగితము రైతు వద్ద, ఒకటి పట్వారీ వద్ద ఉండెడిది. రైతు కాగితములో ఒక మాట చెరిగినచో పట్వారీ లెక్క చూచి తిరిగి వ్రాసికొనవచ్చును. ఒక పోగు మాత్రమే చెడినపుడు జీవకణము చేయునది ఇదే. చెడిన ముక్కను కత్తిరించి, ఎదుటి పోగును చూచి పూరించును. పొరపాటు బహు స్వల్పము.

ఇక రెండు కాగితములును ఒకే వరుస వద్ద చినిగినవనుకొనుడు. ఇప్పుడు చూచి వ్రాయుటకు ఆధారము లేదు. దీనిని రెండు పోగుల తెగుట అందురు. ఇదియే ప్రమాదకరమైనది. జీవకణమునకు అప్పుడు ముఖ్యముగా రెండు మార్గములు కలవు.

మొదటిది, తెగిన కొసలను దగ్గరకు చేర్చి అతికించుట. పని త్వరగా ముగియును. కాని అతుకు వద్ద కొన్ని అక్షరములు పోవచ్చును, కొన్ని కొత్తవి చేరవచ్చును. ఒకేసారి అనేక తెగుళ్లు ఏర్పడినచో ఒక క్రోమోజోము కొస మరియొక క్రోమోజోము కొసకు అతుకవచ్చును. చినిగిన పహాణీలో ఒకరి సర్వే నెంబరుకు మరియొకరి హద్దులు చేరినట్లగును.

రెండవది, తహసీలు కచేరీలోని మూడవ నకలు తెప్పించి చూచి వ్రాయుట. జీవకణము విభజనకు ముందు తన డి.ఎన్.ఏ. అంతటిని నకలు తీసికొనును. ఆ నకలు ప్రక్కనే ఉన్న సమయములో, తెగిన కొస దానిలో తనకు సరిపోలిన చోటును వెదకి, దాని ననుసరించి పూర్తియగును. దీనిని సమజాత పునఃసంయోజనము అందురు. తెగిన పోగును మోసికొనిపోయి సరిపోలు చోటును వెదకు పనిని రాడ్51 అను ప్రోటీను చేయును. మరమ్మతు శుద్ధముగా జరుగును. కాని నకలు సిద్ధమైన తరువాతనే సాధ్యము.

కోడి చెప్పిన సాక్ష్యము

పాఠశాలలో పునఃసంయోజనమును గూర్చి చెప్పునపుడు సాధారణముగా క్షయకరణ విభజన పాఠములోనే చెప్పుదురు. తల్లినుండి వచ్చిన క్రోమోజోము, తండ్రినుండి వచ్చిన క్రోమోజోము ముక్కలు మార్చుకొనుననియు, అందువలన సంతానములో వైవిధ్యము కలుగుననియు అందు ఉండును. ఇది నిజమే గాని సగము నిజము. పునఃసంయోజనము బీజకణములలో ఎప్పుడో ఒకసారి జరుగు వింత కాదు. విభజన చెందు ప్రతి శరీరకణమునకు ప్రాణావసరము. ఈ సంగతిని సకశేరుకములలో రుజువు చేసిన ముఖ్య సాక్షులలో ఒకటి కోడి.

షాద్‌నగరు ప్రాంతమున కోళ్లఫారములు నడుపువారికి గంబోరో వ్యాధి బాగుగా తెలియును. అది చిన్నపిల్లల గుదద్వారమునకు పైన ఉండు బర్సా అను చిన్న సంచిని చెడగొట్టును. బర్సా చెడిన కోడిపిల్ల ఇతర రోగములను తట్టుకొనలేదు. ఏలయన ప్రతిరక్షకములను తయారుచేయు కణములు దానిలోనే పెరుగును. ఈ సంగతిని 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్, ఆయన సహచరులు ప్రకటించిరి. పాఠ్యపుస్తకములలోని “బి-కణములు” అను పేరులో “బి” అను అక్షరము ఈ బర్సా నుండి వచ్చినదే. కోడి తన ప్రతిరక్షకములలో వైవిధ్యమును పునఃసంయోజనపు పద్ధతిలోనే సృష్టించుకొనును. సమీపముననున్న నిరుపయోగ జన్యువుల ముక్కలను పనిచేయు జన్యువులోనికి నకలు తీసికొనును.

బర్సా పుండునుండి తీసి ప్రయోగశాలలో పెంచిన డి.టి.40 అను కోడి కణవంశము కలదు. బయటినుండి ఇచ్చిన డి.ఎన్.ఏ. ముక్కను ఈ కణములు సరియైన చోటనే చేర్చుకొనునని బుయర్‌స్టెడ్డె, తకెడా అను శాస్త్రజ్ఞులు 1991లో చూపిరి. దానివలన కోరిన జన్యువును ఒక్కొక్కటిగా తొలగించి ఫలితము చూచుట సాధ్యమైనది.

1998లో తకెడా బృందము రాడ్51 జన్యువును ఇష్టానుసారము ఆపగల డి.టి.40 కణములను తయారుచేసెను. ఈస్టులో ఈ జన్యువు లేకున్నను కణములు బ్రతుకును. కోడి కణములలో ఆపగానే క్రోమోజోములు తెగిపోవుచు కూడబడినవి, విభజన ఆగినది, కణములు చనిపోయినవి. ఏ కిరణమును వానిపై ప్రసరింపజేయలేదు. అనగా సకశేరుకముల కణము నకలు తీసికొను మామూలు పనిలోనే తెగుళ్లు ఏర్పడుచున్నవి. పునఃసంయోజనము వానిని అప్పటికప్పుడు సరిచేయుచున్నది. రాడ్51 లేని ఎలుకపిండములు సైతము తల్లిగర్భములోనే నశించునని 1996లోనే తెలిసినది. ఒకే మార్గము చెడినచో రెండవది కొంత ఆదుకొనుననియు, రెండును చెడినచో వికిరణమునకు కణము మరింత లొంగిపోవుననియు కోడి కణములే చూపినవి.

ఈ పరిశోధనలనుండి తేలు నీతి రెండు విధములు. మరమ్మతు బలవత్తరమైనది. కాని అది ఖాళీగా కూర్చున్న శక్తి కాదు. దినదినము తలకు మించిన పనిలోనున్న శక్తి. దాని స్తోమతను దాని నిర్విరామశ్రమతో కలిపి చూడవలెను.

మొదటి వాదములోని దోషములు

“దినమునకు పదివేల దెబ్బలు మాన్పుకొను కణమునకు కొద్దిపాటి వికిరణము ఒక లెక్కయా?” అని మొదటి వాదులు అడుగుదురు. ఈ లెక్క గింజలను బండరాళ్లను కలిపి లెక్కించుట వంటిది. రాలిపోవు ఆ పదివేల అక్షరములు ఒక్క పోగులోనివి. ఎదుటి పోగు చూచి పూరింపబడును. వికిరణము చేయు విశేష హాని రెండు పోగుల తెగుళ్లు, దగ్గరదగ్గరగా గుంపుగా కలుగు దెబ్బలు. ఎక్స్ కిరణములు ఒక గ్రే మోతాదున తగిలినచో కణమునకు సుమారు 40 తెగుళ్లు కలుగునని లెక్క. ఆ లెక్కన ఒక మిల్లీగ్రేకు 25 కణములలో ఒకదానికి ఒక తెగులు వచ్చును. ఇది చిన్న సంఖ్యయే. కాని సున్న కాదు.

యురేనియము సంగతిలో మరియొక చిక్కు కలదు. రాతిలోని యురేనియము క్రమక్రమముగా క్షీణించి రేడాన్ అను వాయువు నిచ్చును. రాయి పగులగొట్టినపుడు అది గని గాలిలోనికి వచ్చును. దాని సంతతియైన పొలోనియము ధూళికంటి ఊపిరితిత్తులలో చేరి ఆల్ఫా కిరణములను వెదజల్లును. ఆల్ఫా కిరణము బహుకొద్ది దూరమే పోవును గాని, పోయినంత మేర బాట పొడవునా దట్టముగా దెబ్బతీయును. అది దాటిన ఒక్క కణకేంద్రమునకు కొన్ని వందల మిల్లీగ్రేల దెబ్బ తగులును. ప్రక్క కణమునకు ఏమియు తగులదు. కావున ఊపిరితిత్తి మొత్తమునకు సగటు మోతాదు తక్కువ యని చెప్పుట, తాలూకా సగటు వర్షపాతము చూచి ఏ ఊరి చెరువుకును గండి పడదని చెప్పుట వంటిది. గుంపుగా కలిగిన ఆ దెబ్బలను కణము శుద్ధముగా సరిచేయలేదు. గని కార్మికులకు ఊపిరితిత్తుల కాన్సరు హెచ్చుగా వచ్చుట అనేక దేశములలో నిర్ధారితమైనది. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 1988లో రేడాన్‌ను మానవులకు కాన్సరు కలిగించు పదార్థముగా వర్గీకరించెను. బీడీ, చుట్ట త్రాగువారికి ఈ అపాయము ఇంకను హెచ్చు.

మూడవ దోషము, “శరీరము” అను ఒక్క మాటతో అందరిని, అన్ని కణములను కలిపివేయుట. విభజన చెందని మెదడు కణములకు ప్రక్కన నకలు ఉండదు. సమజాత పునఃసంయోజనము వానికి ఉపయోగపడదు. అవి ముఖ్యముగా ఒక్కపోగు మరమ్మతుపై ఆధారపడును. హైదరాబాదు విశ్వవిద్యాలయములో కల్లూరి సుబ్బారావు, ఆయన శిష్యులు ఎలుకల మెదడు కణములపై దీర్ఘకాలము పరిశోధించి, వయస్సు పెరిగినకొలది ఈ మరమ్మతు శక్తి తగ్గుననియు, డి.ఎన్.ఏ. పాలిమరేజ్ బీటా అను ఎంజైము కొరత ఇందుకొక కారణమనియు తెలిపిరి. కొందరికి మరమ్మతు లోపము పుట్టుకతోనే వచ్చును. ఎండకు చర్మము చెడి కాన్సరుగా మారు గ్జిరోడెర్మా అను జబ్బులో మరమ్మతు లోపమున్నదని 1968లో జేమ్స్ క్లీవర్ కనుగొనెను. ఇట్టి లోపములు చాల అరుదు. తలిదండ్రు లిరువురి నుండియు లోపపు జన్యువు వచ్చినపుడే బయటపడును. మేనరికములు ఆచారముగానున్న తెలుగుదేశములో అట్టి కలయికకు అవకాశము కొంత హెచ్చు. భద్రతా నియమము సగటు మనిషికి కాక, ఊరిలోని పిల్లలకు, వృద్ధులకు, బలహీనులకు సరిపోవలెను.

నాలుగవది, యురేనియము వికిరణముచేత మాత్రమే హాని చేయదు. త్రాగునీటిలో కరిగినపుడు సీసమువలె అది లోహవిషము, మూత్రపిండములను చెడగొట్టును. డి.ఎన్.ఏ. మరమ్మతు దీనికి విరుగుడు కాదు. త్రాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. సాగరము నీటిని ఆశ్రయించిన ప్రాంతమున ఈ ప్రశ్నయే ముందుగా రావలసినది.

రెండవ వాదములోని దోషములు

వికిరణము జన్యువులను మార్చునని 1927లో హెర్మన్ ముల్లర్ ఈగలపై రుజువు చేసెను. అప్పటినుండి “తరతరముల నాశనము” అను మాట జనుల మనస్సులలో నాటుకొన్నది. కాని 1958లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో విలియం, లియేన్ రసెల్ దంపతులు మగ ఎలుకలపై చూచినది వేరు. ఒకే మోతాదును ఒక్కసారిగా ఇచ్చినపుడు కలిగిన ఉత్పరివర్తనములకంటె, మెల్లమెల్లగా ఇచ్చినపుడు కలిగినవి దాదాపు మూడవవంతే. కణమునకు వ్యవధి దొరకినచో సరిచేసికొనుననుటకు ఇది సాక్ష్యము. అయితే మూడవవంతు మిగిలియే ఉన్నది. ఈ ఒక్క ప్రయోగమే రెండు వాదములకును సమాధానము.

హిరోషిమా, నాగసాకి నగరములలో బాంబుదాడికి గురియైన తలిదండ్రులకు తరువాత పుట్టిన 70 వేలకు పైగా శిశువులను జేమ్స్ నీల్, విలియం షల్ పరీక్షింపజేసిరి. జన్మలోపములు గుర్తింపదగినంతగా పెరిగినట్లు కనబడలేదు. కాని బాంబు కిరణములు స్వయముగా తగిలినవారిలో రక్తకాన్సరు, ఇతర కాన్సరులు నిశ్చయముగా పెరిగినవి. అనగా మొదటి భయము సొంత శరీరమునకు. మనుమల భయము దాని తరువాతది.

కేరళలోని కరునాగపల్లి తీరమున థోరియపు ఇసుక వలన సహజ వికిరణము హెచ్చు. అచ్చట దీర్ఘకాలము జరిపిన పరిశీలనలో, 2009లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఆ వికిరణమువలన కాన్సరు పెరిగినట్లు కనబడలేదు. మొదటి వాదులు దీనిని తరచు ఉదహరింతురు. గాని అది ఇసుకనుండి మెల్లగా వచ్చు గామా కిరణముల సంగతి. గనిలోని రేడాన్ సంగతి కాదు. ఒకదానిని మరియొకదానికి నిదర్శనముగా చూపుట చెల్లదు.

నల్లగొండలో ఈ విషయమునకు మరియొక ఉదాహరణము సిద్ధముగా ఉన్నది. మర్రిగూడ మొదలగు మండలములలో తండ్రికి, కొడుకుకు, మనుమనికి ఎముకలు వంగినవి, పళ్లు పసుపుబారినవి. చూచువారికి ఇది వంశరోగముగా తోచును. నిజమునకు ఆ కుటుంబములో సంక్రమించినది జన్యువు కాదు, బావి. ఫ్లోరైడు హెచ్చుగానున్న ఒకే నీటిని మూడు తరములు త్రాగిరి. నీరు మారినచో పుట్టబోవు బిడ్డకు ఆ వ్యాధి రాదు. దీనిని వంశపారంపర్యమని నమ్మినచో ఏమగును? ఆ ఊరి పిల్లలకు సంబంధములు కుదురవు. నీరు మార్చవలసిన బాధ్యత మాత్రము ఎవరికిని గుర్తుకురాదు. రెండవ వాదము మంచి ఉద్దేశముతోనే చెప్పబడినను, రేపు ఒక గని ఊరి ఆడపిల్లను “చెడిన రక్తము” అని వెలివేయుటకు దారితీయగలదు.

అడుగవలసిన ప్రశ్నలు

“మరమ్మతు కలదా?” అనునది సరియైన ప్రశ్న కాదు, కలదు. సరియైన ప్రశ్నలు వేరు. ఏ కిరణము, ఎంత మోతాదున, ఎంత వ్యవధిలో, ఏ అవయవమునకు తగులును? ఆ ప్రాంతపు బావులలో యురేనియము, రాతిగోడల ఇండ్లలో రేడాన్ ఇప్పుడే ఎంత ఉన్నది? గ్రానైటు నేలలో ఇవి గని లేకున్నను కొంత ఉండును. ముందుగా కొలిచి వ్రాసియుంచని యెడల, తరువాత పెరిగినదో లేదో ఎవ్వరును చెప్పలేరు. ఊరిలో కాన్సరు లెక్క ఎవరు వ్రాయుచున్నారు? కార్మికుని మోతాదు పుస్తకము అతని చేతికి వచ్చునా?

అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘము, తక్కువ మోతాదున సైతము అపాయము మోతాదుననుసరించి కొంత ఉన్నట్లే భావించి, సామాన్య ప్రజలకు సహజ వికిరణముపై సంవత్సరమునకు ఒక మిల్లీసీవర్టు, కార్మికులకు ఐదేండ్ల సగటున 20 మిల్లీసీవర్టులు హద్దుగా సూచించినది. చిన్న మోతాదుల అపాయమును జనసంఖ్యలో లెక్కించి నిర్ధారించుట కష్టము. కావుననే జాగ్రత్త వైపు మొగ్గుట ఈ నియమములోని వివేకము. మరమ్మతు ఉన్నదని ఈ నియమమును సడలింపరాదు; ఏలయన ఆ నియమము నిర్ణయింపబడినది మరమ్మతు జరిగిన తరువాత మిగులు హానినిబట్టియే.

ఉపాధ్యాయులు పునఃసంయోజన పాఠము చెప్పునపుడు బీజకణములతో ఆపక, కోడి బర్సా కథను కూడ చెప్పిన పాఠము సంపూర్ణమగును. పిదప విద్యార్థుల నిరుజట్లుగా విభజించి, పైని రెండు వాదములను నల్లబల్లపై వ్రాసి, ఒక్కొక్క వాక్యమునకు ఏ సాక్ష్యము కలదో, ఏది లేదో గుర్తింపజేయవచ్చును. లంబాపూరులోనో అమరాబాదులోనో పుట్టిన విద్యార్థి రేపు ప్రజాభిప్రాయ సభలో నిలువవలసివచ్చినచో, భయముగాని భరోసాగాని అతనికి సరిపోదు. ఎంత, ఎక్కడ, ఎవరికి అని అడుగగల విద్య అతనికి కావలెను.